పసుపు నీళ్ళు తాగిన జీపు

ఇంటి దేవుడి మీద ఒట్టు, నా డ్రైవింగ్ లైసెన్సు మీద ఒట్టు, ఇంకా నమ్మకం కుదరకపోతే పొద్దున తాగిన చాయ్ మీద ఒట్టు: ఇక్కడ రాయబోయేదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. నన్నెరిగిన వాళ్ళు ఈపాటికే నవ్వుతూ ఉంటారు. నవ్వుకోనివ్వండి.

ఏ.ఎస్. రావు నగర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లారులోకి దిగగానే ఈ మధ్య ఒక వాసన ఎదురొస్తోంది. కాస్త తీపి, కాస్త కమురు, వేడి పెనం మీద బెల్లప్పాకం చుక్క పడ్డట్టు. నా బండి రేడియేటరు కారుతున్న వాసన అది. ఏడుగురు కాళ్ళు చాపుకుని కూర్చోగలిగిన పెద్ద బండి. పదిహేనేళ్ళు నిండబోతున్నాయి కాబట్టి మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి, టైర్లు నున్నబడ్డాయి, ఏసీ మూలుగుతోంది, గతుకెక్కితే కింద ఎవరో వక్కలు దంచుతున్నట్టు చప్పుడు, టర్బో మార్చడానికి మెకానిక్ చెప్పిన ధరకి ఒక చిన్న కారు చేతికొస్తుంది. ఆదివారం ఒకాయన కొనడానికి చూడవస్తానన్నాడు. అమ్మాలా, ఉంచుకోవాలా? కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే సెల్లారుకి పోబుద్ధి. పోయి బానెట్ ఎత్తి, ఏమీ అర్థం కాకపోయినా లోపలికి తేరిపార చూసి, మూసేసి వస్తున్నాను. వచ్చేటప్పుడు మాత్రం ఆ వాసన నన్ను పట్టుకుని నేరుగా రాంగోపాల్‌పేటకి, చిన్నప్పటి మా గల్లీకి లాక్కుపోతోంది.

మా నాయనకు ఆ పక్క బజార్లోనే గిన్నెల దుకాణం ఉండేది. కుదురుగా కూర్చునే వ్యాపారం, కుదురన్నది లేని మనిషి. ఒకరోజు గిన్నెలు తెచ్చుకోవడానికి చిన్న ట్రాలీ ఏదన్నా చూస్తానని వేలంపాటకి పోయి, పదిమంది పట్టే పాత జీపుని కొనుక్కొచ్చాడు. అది గల్లీలోకి తిరిగిన రోజు ఎదురింటి వాళ్ళు తమ అరుగుని కాస్త లోపలికి జరుపుకున్నారు. ఒట్టు వేశాను కదా, నమ్మండి.

చలికాలం పొద్దున్నే దాని సెల్ఫ్ పనిచేసేది కాదు. గల్లీ అంతా దుప్పట్లు కప్పుకుని వచ్చి నెట్టేది. మా నోళ్ళలోంచి ఆవిరి, దాని వెనక గొట్టంలోంచి నల్లటి పొగ, ఆ పొగలోనే మూల మీది హోటల్ నుంచి వచ్చే చాయ్ వాసన. అంతా కలిసి అదే మా చలికాలం. ఇంజను అందుకోగానే నాయన వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవాడు, ఆపితే మళ్ళీ నెట్టాలి మరి. ఎండాకాలం రేడియేటరు మరిగేది. వానాకాలం బ్రేకు మూడుసార్లు తొక్కితే ఒకసారి పడేది. కమాను పట్టీలు విరిగేవి, క్లచ్ ప్లేటు అరిగేది, నూనె ఇంటి ముందు ఎంత కారేదంటే అమ్మ ముగ్గు వేసే చోటు మార్చుకుంది. డీజిల్ ఎంత తాగేదో చెప్పను, నానమ్మ భాషలో దాని ట్యాంకు "కుడితి తొట్టి".

రేడియేటరుకి బెజ్జం పడితే పసుపు పోయమన్నాడు రాణిగంజ్‌లో ఒక మెకానిక్. నాయన వంటింట్లోకి పోయి డబ్బా మొత్తం తెచ్చి పోశాడు. రెండు రోజులు నిజంగానే కారలేదు.

"కూరలెయ్యనీకి పసుపు లేదు, బండికి తాపనీకి ఉన్నదా?" అంది అమ్మ.

"బండికి తబియత్ బాగలేదే. నీకు బాగలేకుంటే తాపనా?" అన్నాడు నాయన.

అమ్మ బాధ పసుపు కాదు, వంటింటి కప్పు. రేకులకి తూట్లు పడి, వానొస్తే ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఇంకో చేత్తో పులుసు కలిపేది. అక్కడ స్లాబు పోయించాలని ఆమె కూడబెట్టిన డబ్బు ఏటా వానలకి ముందు రాణిగంజ్‌కి పోయి, సైలెన్సరుగానో గేరు డబ్బాగానో తిరిగొచ్చేది. ఒక ఏడాది దసరా ముందు పడిన వానకి పొయ్యి ఆరిపోయింది, నానమ్మ కోసం చేసిన గారెల పిండి నీళ్ళపాలైంది. అమ్మ ఏడవలేదు. గిన్నె తెచ్చి నాయన ముందు పెట్టింది.

"జెర ఇనుండ్రి. దసరా నాడు కాప్రా దాక పోతం కదా, వదినోళ్ళింటికి. ఆగకుండ పొయ్యిందా, ఉంచుకోండ్రి, మల్ల నోరెత్త. నడుమల ఆగిందా, అమ్మేసుడే, స్లాబు పోసుడే."

"ఫైసలా?" అన్నాడు నాయన.

"ఫైసలా," అంది అమ్మ.

దసరా రోజు పొద్దున బగారన్నం, మటన్ వాసనల మధ్య నాయన జీపుని పెళ్ళికొడుకులా కడిగాడు. ఆయుధపూజకి నానమ్మ సన్నటి దండ చూసి మూతి విరిచింది. "గింతేనా? మంది ఏమంటరు రా? గిన్నెల దుకాణపోళ్ళు పిసినారోళ్ళంటరు." నాయన మోండా మార్కెట్‌కి ఉరికి గంపెడు బంతిపూలు తెచ్చాడు. ఒక లైటు నుంచి ఇంకో లైటు దాకా, వరస మీద వరస, నడుమ మామిడాకులు. చివరికి జీపు ముందరి జాలీ ఇంత కూడా కనిపించలేదు. గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, సాయంత్రం జమ్మి ఆకు జేబుల్లో పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఎక్కాం.

నేరేడ్‌మెట్ దాటాక ఎత్తు మీద బానెట్ సందుల్లోంచి ఆవిరి మొదలైంది. నాయన పాటందుకున్నాడు, మేము ఆవిరి చూడకూడదని. ఇంకాస్త దూరం పోయాక ఒక కుదుపు, ఒక దగ్గు, పెద్ద నిట్టూర్పు. ఆగింది. పక్క చేలో మక్కకంకులు విరుస్తున్న ముసలాయన వచ్చి, బానెట్ వేడి చూసి, నాలుగు కంకులు దాని మీద పరిచి దోరగా కాల్చుకున్నాడు, మాకూ తలా ఒకటి పెట్టాడు. అంతలో మేం ఎంతకీ రాలేదని కాప్రా నుంచి మామ, మా మేనత్త భర్త, స్కూటర్ మీద ఎదురొచ్చాడు.

"ఏం బామ్మర్దీ, పాలపిట్ట కోసం ఆగినవా, బండే ఆగిందా?"

నాయన చేతులు స్టీరింగ్ మీద అలాగే ఉన్నాయి. అప్పుడు అమ్మ దిగింది. జీపు ముందుకి పోయి నిలబడి చూసింది. "అయ్యో, దీనికి ఊపిరాడ్తలేదు. గాలి పొయ్యే జాగెక్కడున్నది?" అంటూ దండలన్నీ తెంపి పడేసింది. అడుగు వరస పూలు మాడి నల్లబడి ఉన్నాయి. కాసేపు చల్లారనిచ్చి, నీళ్ళు పోసి, తాళం తిప్పితే జీపు లేచింది. కాప్రా చేరాం. ఆ తర్వాత అది ఏళ్ళ తరబడి మా గల్లీలో ఉంది.

ఇప్పుడు బండి ఆగితే ఫోను తీస్తాం, క్రేను వస్తుంది. దుప్పటి కప్పుకుని నెట్టడానికి ఎవరూ దిగరు. మేనత్త ఇంటి చుట్టూ చేలు లేవు. నానమ్మ లేదు. నాయన పోయి కూడా చాలాకాలమైంది.

ఇక నా ఒట్టు సంగతి. మక్కకంకులు నిజం. ముగ్గు చోటు మారడం నిజం. అరుగు జరగడం, సరే, సగం నిజం. నేను అల్లింది ఒక్కటే: అమ్మ ఆ దండలు తెంపితే జీపు లేచి, ఏళ్ళ తరబడి ఉందన్నది. తెంపలేదు. దిగింది, చూసింది, వచ్చి కూర్చుంది. "పాతదైంది, గంతే" అంది. మామ స్కూటర్ మీద మమ్మల్ని విడతలుగా చేరవేశాడు. దీపావళి లోపే జీపు పోయింది, వంటింటికి స్లాబు వచ్చింది. బండి ముసలిదైపోయిందనే నాయన చివరిదాకా అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను, మొన్న నా బండి గురించి తన్నుకులాడుతుంటే అమ్మ నోరు విప్పేదాకా.

"ఆ దండ గాలి ఆపుతున్నదని నేను అప్పుడే చూసిన్రా. తియ్యాల్నని చెయ్యి సుత పెట్టిన. పొయ్యి ఆరిపొయిన నాడు యాదికొచ్చింది. ఒచ్చి కూసున్న."

పక్కనే బీరకాయ చెక్కు తీస్తున్న మా ఆవిడ చెయ్యి ఆగింది. "మంచి పని చేసిండ్రు అత్తమ్మా" అంది మెల్లగా.

అప్పటి నుంచి బండి ఏ చప్పుడు చేసినా బానెట్ ఎత్తడం మానేశాను. ముందు మా ఆవిడ ముఖం చూస్తున్నాను.