నెగోరో గారి రెక్కల్లేని డ్రాగన్

నెగోరో గారి దగ్గర ఏమైనా అనొచ్చు గానీ, డ్రాగన్‌కి రెక్కలుంటాయని మాత్రం అనకూడదు. అన్నామా, ఆయన ఉపన్యాసం అయ్యేసరికి చేతిలో టీ చల్లారిపోవాల్సిందే.

టోక్యో శివార్లలోని స్టూడియోలో తీసే పిల్లల టీవీ సీరియల్లో, రబ్బరు తొడుగేసుకుని డ్రాగన్‌గా ఎగిరేది ఆయనే. "ఎగరడమా, నా మొహమా! తడిసిన పరుపుని తాడు కట్టి ఆరేసినట్టుంటాను," అని తన మీద తనే జోకులేసుకునేవాడు. రెక్కల మాటెత్తితే మాత్రం జోకులు బంద్. "మన జపాన్ డ్రాగన్ మబ్బుల్లో ఈదుతుందయ్యా. ఈదేదానికి రెక్కలెందుకు? చేపకి గొడుగు పడతావా?"

ఒకసారి వీధి స్నానశాలలో ఓ రౌడీ వీపు నిండా డ్రాగన్ పచ్చబొట్టు. మిగతావాళ్ళంతా గోడవైపు తిరిగి బుద్ధిగా సబ్బు రాసుకుంటుంటే, ఈయన మాత్రం దగ్గరికెళ్ళి ఆ వీపుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా పరీక్షించాడు.

"శభాష్! రెక్కల్లేవు. మీరు చాలా మంచి కుటుంబం నుంచి వచ్చుంటారు."

రౌడీ సిగ్గుపడిపోయి, ఆయనకి చల్లటి పాలసీసా ఇప్పించాడట.

ఈ పిచ్చికి బలైంది చిగూసా. కాలేజీలో ఉన్నప్పట్నుంచీ డ్రాగన్లంటే పడిచచ్చే ఆ అమ్మాయి, స్టూడియోలో తొడుగులు తయారుచేసే పనిలో చేరింది. బొమ్మల కంపెనీవాళ్ళు రెక్కలు కావాలన్నారని దర్శకుడు హిరూమా ఆ పని ఆమెకే అప్పగించాడు. వెదురుబద్దలు వంచి, రబ్బరు అతికించి, వేళ్ళు కాల్చుకుని మరీ చేసింది.

"గబ్బిలం!" అన్నాడు నెగోరో.

"మీ మొహం!" అంది చిగూసా. అని, నాలిక కరుచుకుంది.

నెగోరో ఎంత వద్దన్నా హిరూమా వినలేదు. రెక్కలు తగిలించి ఎగరమన్నాడు. పైన దూలాల మీద కూర్చుని తాడు లాగేది భుజం అరిగిపోయిన ముసలి ఇసోగాయ్. "ఈసారి తాడు జారిందో, మోటారు తెప్పిస్తాను. మీరు హాయిగా ఇంట్లో కూర్చోండి," అని ఆయనకి ముందే చెప్పేశాడు హిరూమా.

డ్రాగన్ నేల మీద నుంచి లేచింది. పైన తాడు వణికింది.

"ఆపండి! ముక్కు దురద!" అని అరిచాడు నెగోరో.

దించారు. హిరూమా తల పట్టుకున్నాడు. తొడుగు విప్పుతున్న చిగూసా చెయ్యి లోపలే ఆగిపోయింది. దెబ్బ తగలకుండా తను కుట్టిన స్పాంజి ఒక్క ముక్క కూడా లేదు. బరువు తగ్గించడానికి అంతా పీకేశాడు. ఆయన పక్కటెముకల మీద అన్నీ కమిలిన మచ్చలే.

"ఇసోగాయ్ తాత భుజం కోసమా?" అంది మెల్లగా.

"ష్! స్పాంజి ఉంటే ఉక్కపోత," అన్నాడు నెగోరో.

చిగూసా లేచి, తను చేసిన రెక్కలు చంకలో పెట్టుకుని దర్శకుడి ముందు నిలబడింది.

"హిరూమా గారూ, ఇవి డ్రాగన్ శత్రువుకి పెడదామండీ. ఆ రాతి రాక్షసుడికి."

"వాడు నేల మీద నడుస్తాడు కదమ్మా!"

"అందుకేనండీ. రెక్కలుండీ ఎగరలేకపోతున్నానని కోపం. వాడి దుర్మార్గానికి కారణమే అది."

హిరూమా రెక్కల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బొమ్మ అమ్ముడుపోతుందా?"

"రెక్కలు ఊడదీసి మళ్ళీ తగిలించుకోవచ్చండీ."

"అయితే కానీ!"

మళ్ళీ తాడు బిగిసింది. డ్రాగన్ అట్టముక్కల కొండల మీంచి వయ్యారంగా తేలిపోయింది. పైనుంచి ఇసోగాయ్ గర్వంగా కేకేశాడు:

"చూశావా అమ్మాయ్! ఈ నెగోరో రోజురోజుకీ లావెక్కిపోతున్నాడు. నా భుజం కాబట్టి మోస్తోంది!"

"అవునండీ," అంది డ్రాగన్ గాల్లోంచి, "మీ చలవే!"