ఆ సినిమాకు మాటలు నావి కావు

ఎనభైల చివర్లో జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత దగ్గర రచనా సహాయకుడిగా ఉండేవాణ్ని. ఎం.ఏ. తెలుగు చదివినందుకు నాకు అప్పగించిన ముఖ్యమైన పని, ఆయన కథ చెబుతుంటే "అద్భుతమండీ" అనడం. రోజుకు పదిసార్లయినా అనేవాణ్ని. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది గానీ, అప్పట్లో అన్నం బాగానే సహించేది.

ఆ ఏడు ఆయనకు బైబిలు సినిమా తీయాలనిపించింది. భక్తితో కాదు, పక్క వీధి నిర్మాత తీసిన దేవుడి సినిమా బాగా ఆడింది. అబద్ధం, అత్యాశ, పరుల సొమ్ము, వీటి మీద నాలుగు బైబిలు కథలు కలిపి క్రిస్మస్‌కు వదలాలి. బైబిలు గురించి మా ఇద్దరికీ తెలిసిందల్లా అది లావుగా ఉంటుందని. అందుకని బోరబండ నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించాం. రిటైరైన బడిపంతులు, అక్కడి ప్రార్థన మందిరానికి పెద్ద. అందరూ అయ్యగారు అనేవాళ్లు. ఆదివారాలు పిల్లలతో వేయించే నాటకాలన్నీ ఆయనే రాసేవాడు.

దేవుడి సినిమా తీసేటప్పుడు యూనిట్ మొత్తం నీచు మానేయడం మా వాళ్ల ఆనవాయితీ. నిర్మాత దాన్ని బైబిలుకూ వర్తింపజేశాడు. మొదటి రోజే సాంబారన్నం ముందు కూర్చున్న అయ్యగారు మెల్లగా, "మా ప్రభువు చేపలు తిన్నడు సార్," అన్నాడు.

"ఆయన తినొచ్చండీ. ఆయన డబ్బు పెట్టి సినిమా తియ్యలేదు కదా," అన్నాడు నిర్మాత.

రెండు నెలలు అయ్యగారు బస్సులో వచ్చి రాశాడు. జనాన్ని పీడించి పన్నులు గుంజినవాడు, గుంజింది నాలుగింతలు తిరిగిచ్చే ఘట్టం ఆయన చదువుతుంటే, ఆ ఉద్యోగంలో మొదటిసారి నేను నిజంగానే అద్భుతమన్నాను. ఏమివ్వమంటారని నేను అడిగితే చేతులూపాడు.

"పైసలొద్దు సార్. మాటలు అని తెర మీద పేరు వడ్తది గదా, గది నాది వడాలె. ముప్పై ఏండ్ల సంది రాస్తున్న. మా ఇంటామె పోయేదాక నవ్వేది, నీ రాతలు మందిరం గోడలకు తప్ప ఎవ్వలకు ఎర్కలేదని."

"అమ్మతోడు, పడుతుందండీ."

"ఒట్లు మాకు లేవు సార్. పడ్తదంటే చాలు."

"పడుతుంది," అన్నాను.

విడుదలకు ముందు నిర్మాత పిలిచాడు. రచయితల సంఘంలో సభ్యత్వం ఉన్నవాడి పేరే తెర మీద వేయాలని అప్పట్లో కట్టుబాటు. అయ్యగారికి లేదు, నాకుంది.

"మాటలు నువ్వే రాశావని సంఘానికో కాయితం ఇచ్చెయ్యవయ్యా."

"ఆయన్నే సభ్యుడిగా చేర్పిద్దామండీ. పది రోజుల్లో..."

"పది రోజులు క్రిస్మస్ ఆగుద్దా? ఆయనేమన్నా సినిమా మనిషా, పేరుతో పనేంటి ఆయనకి? వచ్చే పిక్చరుకి మాటలు నీవే. పెట్టు సంతకం."

నా మనసులో పెద్ద సంఘర్షణ జరిగిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. పెన్ను మొరాయించింది, విదిలించాను. అదొక్కటే ఆలస్యం. అబద్ధసాక్ష్యం తప్పని చెప్పే సినిమాకు అబద్ధసాక్ష్యం నేనే రాసిచ్చాను. దస్తూరి కూడా గుండ్రంగా వచ్చింది.

ఆ సంగతి అయ్యగారికి చెప్పలేదు. ఆయన మాత్రం ఫిల్మ్‌నగర్ ప్రివ్యూకు మందిరంవాళ్లను ఇరవైమందిని వెంటబెట్టుకొచ్చాడు. అందరూ ఇస్త్రీ బట్టల్లో ముందు వరసల్లో కూర్చున్నారు. వాళ్ల వెనకే నేను.

'మాటలు' అని పడింది. కింద నా పేరు.

"గిదేంది అయ్యగారూ, మీ పేరేది?" అంది ఆయన పక్కనున్న ముసలమ్మ. ఇరవై తలలూ ఆయన వైపు తిరిగాయి.

అయ్యగారు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను తెర చూశాను.

"మాటలు సార్ రాసిండమ్మా," అన్నాడు. "నేను పక్కన కూసోని జర సలహా చెప్పిన."

"గంతేనా?"

"గంతే."

అబద్ధమాడొద్దని ముప్పై ఏళ్లు వాళ్లకు బోధించిన మనిషి. నా పరువు కాపాడటానికి ఆడాడో, పేరు పడుతుందని ఊరందరికీ చెప్పుకున్నానన్న సిగ్గుతో ఆడాడో, అడిగే ముఖం నాకు లేదు. సినిమా నడుస్తున్నంతసేపూ తెర మీది మాట కంటే ఒక క్షణం ముందే ఆయన పెదవులు కదులుతూ ఉన్నాయి. నాలుగింతలిచ్చే ఘట్టంలో ముసలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బయటికొచ్చాక ఆమె నేరుగా నా దగ్గరికొచ్చి దండం పెట్టింది. "మంచిగ రాసినవ్ బిడ్డా. దేవుడు నీ నోట పలికిండు."

అయ్యగారు పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది.

"ఏదో, అంతా మీ అయ్యగారి దయమ్మా," అన్నాను. గొంతులో వినయం కూడా పెట్టాను. అయ్యగారు తల దించుకుని, అబద్ధమాడిన మనిషిలా, ఆటో వైపు నడిచాడు.