ఉరుముల మాస్టారు కొట్టిన గంట

మూడో తరగతి మాస్టారికి తల్లిదండ్రులు పెట్టిన పేరు సర్వీసు రిజిస్టరులో మాత్రమే బతికి ఉంది. బడిలో అందరికీ ఆయన ఉరుముల మాస్టారే.

ఆయన గొంతు సంగతి చెబితే కోతలనుకుంటారు గానీ, ఒకసారి "ఒరేయ్, కూర్చోండ్రా!" అని గద్దిస్తే వీధి చివర బస్సు కోసం నిలబడ్డ పదకొండు మందీ రోడ్డు మీదే చతికిలబడ్డారు. బడి కప్పు మీది పావురాలు ఆ రోజు లేచిపోయి వారం దాకా తిరిగి రాలేదు. వచ్చేముందు కూడా ఒకదాన్ని ముందుగా పంపి, మాస్టారు సెలవులో ఉన్నాడని రూఢి చేసుకున్నాకే మిగతావి దిగాయి. నమ్మకపోతే వెళ్ళి పావురాలనే అడగండి.

ముప్పై ఏళ్ళుగా ఆ మనిషికి లోకంలో రెండే పిలుపులు తెలుసు. మగపిల్లలైతే "ఒరేయ్", ఆడపిల్లలైతే "ఒసేయ్". అలాంటివాడి చేతిలో పెద్ద టీచరమ్మ విలువల పీరియడ్ పెట్టింది. బడి మొత్తం ఆమె కంటిచూపు మీద నడుస్తుంది, కాబట్టి కాదనడానికి లేదు.

"రోజూ చివరి పీరియడ్ మీదే. ఒకరినొకరు ఎలా గౌరవించుకోవాలో పిల్లలకి నేర్పండి. నెల రోజులు చూస్తాను. మార్పు కనబడకపోతే ఆ పీరియడ్ లెక్కలకిచ్చేస్తా," అంది.

లెక్కల మాస్టారు అప్పటికే గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూడగానే ఉరుముల మాస్టారికి రోషం పొడుచుకొచ్చింది. లెక్కల మాస్టారికి పీరియడ్ వదులుకోవడమంటే ఆయనకి మీసం వదులుకోవడమే.

ఇంటికెళ్ళి చెబితే భార్య కడుపు పట్టుకుని నవ్వింది. "మీరా? గౌరవమా? మరి ఇంట్లో ఆ పీరియడ్ ఎప్పుడు మొదలెడతారు?"

"పోవే! నీకన్నీ వేళాకోళాలే."

మర్నాడు ఆయన నల్లబల్ల పై మూలన, ఎవరూ చెరపకుండా చుట్టూ గీత గీసి మరీ, రెండు వాక్యాలు రాశాడు. "ఈ గదిలో అందరూ అందరినీ మీరు అనాలి. ఎవరినైనా తక్కువ చేసి మాట్లాడితే, ఒక పూట వారి పని మనం చెయ్యాలి."

పిల్లలు దాన్ని పండుముక్కలా అందుకున్నారు. పోట్లాటలు ఆగలేదు గానీ, వాటి రుచి మారిపోయింది.

"నా రబ్బరు మీరే కొట్టేశారండి."

"మీ మొహమండి!"

"మీ చెవి మెలిపెడతానండి. కాస్త ఇటు తిరుగుతారా?"

ఇక పోట్లాట ఎక్కడ సాగుతుంది? సగంలోనే ఇద్దరికీ నవ్వొచ్చేసేది. నోరు జారినవాళ్ళు పక్కవాళ్ళ పెన్సిళ్ళు చెక్కారు, సంచులు మోశారు. ఉరుముల మాస్టారు కూడా పళ్ళు బిగబట్టి "కూర్చోండి బాబూ" అనడం నేర్చుకున్నాడు. మూడు వారాలు గడిచాయి. వసారాలో ఎదురుపడినప్పుడల్లా లెక్కల మాస్టారికి చేతులు నలుపుకోవడం తగ్గింది.

నాలుగో వారం మంగళవారం పొద్దున్న, వసారాలోని మంచినీళ్ళ డ్రమ్ము ఖాళీ అయింది. మాస్టారు అలవాటు కొద్దీ కిటికీలోంచి తల బయటపెట్టి ఉరిమాడు. "ఏయ్, ఆయమ్మా! ఎక్కడ చచ్చావ్? ఇక్కడ చుక్క లేదు, నీళ్ళు తగలెయ్యి!"

ఆయమ్మ బడి ఊడుస్తుంది, నీళ్ళు నింపుతుంది, గంట కొడుతుంది. ఆ సమయానికి కుళాయి దగ్గర కూర్చుని, మోకాలు చెక్కుకుపోయిన ఒకటో తరగతి పిల్లకి గాయం కడుగుతోంది. "వస్తున్నా సారూ, వస్తున్నా," అంది, ఏమీ జరగనట్టే.

మాస్టారు తల లోపలికి తీసుకునేసరికి గది గదంతా బిగుసుకుపోయి ఉంది. నలభై ఒక్క మంది కళ్ళూ నల్లబల్ల పై మూల మీదున్నాయి. మొదటి బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. వాదన మొదలెడితే గోడచేత కూడా ఒప్పించగలదు కాబట్టి అందరూ లాయరు పిల్ల అని పిలిచే అమ్మాయిది ఆ చెయ్యి.

"ఒక అనుమానమండి. ఆ రూలు మీకు కూడానా అండి?"

"అది మీకు... అంటే, పిల్లలకి."

"బల్ల మీద పిల్లలకి అని లేదండి. అందరూ అని ఉందండి."

"ఆయమ్మ ఈ గదిలో లేదుగా!"

"తక్కువ చేసి అన్నది ఈ గదిలోంచేనండి."

మాస్టారికి చెవులు ఎర్రబడ్డాయి. డస్టరు అందుకుని నల్లబల్ల దగ్గరికి నడిచాడు. ఒక్క తుడుపుతో రూలూ పోతుంది, పేచీ పోతుంది. పీరియడూ పోతుంది, కానీ ఆ క్షణాన అది కూడా లెక్కలోకి రాలేదు. చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆయన తండ్రి పార్సిలాఫీసులో మూటలు మోసేవాడు. ఎనిమిదేళ్ళప్పుడు తండ్రితో వెళితే, తండ్రి వయసులో సగం కూడా లేని గుమాస్తా ఒకడు "ఏరా, చచ్చావా? ఎత్తరా మూట" అన్నాడు. తండ్రి "ఇదిగో బాబూ, ఇదిగో" అన్నాడు, ఏమీ జరగనట్టే. ఆ రోజే పిల్లవాడు పెద్ద గొంతు తెచ్చుకోవాలని నిశ్చయించుకున్నాడు, తనని ఎవరూ ఏరా అనకుండా. తెచ్చుకున్నాడు కూడా. ఆ గుమాస్తా మాట కూడా అందులోనే కలిసి వచ్చేసిందని ఇవాళే తెలిసింది.

డస్టరు బల్ల మీద పెట్టి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

"ఆయమ్మగారూ, తప్పు మాట అన్నాను. ఈ పూట మీ పని నాది."

ఆయమ్మ కంగారుపడిపోయింది. "అయ్యో, అంత మాటెందుకు సారూ! మీరు చీపురు పడితే లేచే దుమ్ముకి వీధంతా తుమ్ముతుంది."

"తుమ్మనివ్వండి. నా పని మీరు చూడండి."

ఆమెని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. కూర్చున్నదీ అంచు మీదే. హాజరు పట్టీ తెరవకుండానే ఒకసారి అందరినీ కలయజూసి, "కిటికీ పక్కన కూర్చునే పిల్ల రాలేదేం? నిన్న దగ్గుతోంది తల్లి," అంది.

మాస్టారు వసారా ఊడిచాడు. ఊడ్చిన దుమ్ము గాలికి తిరిగొస్తే మళ్ళీ ఊడిచాడు. నాలుగు బిందెలు మోసేసరికి నడుం పట్టేసింది. ఈ ఆవిడ రోజూ పద్నాలుగు మోస్తుందని అప్పుడే లెక్కపెట్టుకున్నాడు. ఇంతలో విరామం గంట వేళయింది.

వసారాలో వేలాడే ఇనప రైలుపట్టా ముక్కే బడి గంట. విరామానికి మూడు దెబ్బలు, బడి వదిలేటప్పుడు గుక్క తిప్పుకోకుండా గణగణ. మూడో దెబ్బకి ఆ ఇనుము పలికిన ఖంగుమనే మోత మాస్టారికి తెగ నచ్చింది. అచ్చం తన గొంతే! చెయ్యాగలేదు. నాలుగు, ఐదు, పది, ఇరవై.

బడి మొత్తం సంచులు తగిలించుకుని "హే!" అంటూ గేటు వైపు పరుగెత్తింది.

ఆపడానికి ఉరమబోయాడు. "ఒ..." దాకా వచ్చింది. లాయరు పిల్ల తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. మాట మింగి, "అయ్యలారా! అమ్మలారా! దయచేసి ఆగండి!" అన్నాడు. ఒక్కళ్ళూ వినలేదు. పావురాలు కూడా కదల్లేదు.

అప్పుడు ఆయమ్మ కుర్చీలోంచి లేచి మెట్ల మీదికొచ్చి రెండు చప్పట్లు కొట్టింది. "తల్లులూ, బాబులూ! గంట తప్పుగా పడింది. లోపలికి రండి." గొంతు పెంచనే లేదు. గేటు దాటిన పిల్లలు కూడా వెనక్కి తిరిగారు.

పెద్ద టీచరమ్మ ఆయాసపడుతూ వచ్చింది. "ఎవరు కొట్టారీ గంట?"

"నేనేనండి," అన్నాడు మాస్టారు, చీపురు చంకలో పెట్టుకుని. జరిగినదంతా దాచకుండా చెప్పాడు.

ఆమె నల్లబల్లనీ, బిందెనీ, ఆయన తలమీది దుమ్మునీ వరసగా చూసింది. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. "లెక్కల మాస్టారితో చెప్పండి, వేరే పీరియడ్ వెతుక్కోమని."

మర్నాడు నల్లబల్ల మీద రూలు చివర "మాస్టారితో సహా" అని కొత్తగా చేరింది. ఆయమ్మ విరామంలో ఆయన్ని పట్టా ముక్క దగ్గరికి పిలిచి, "మూడంటే మూడే సారూ. నాతో పాటు లెక్కపెట్టండి," అని నేర్పింది.

ఆ మంగళవారం సాయంత్రమే, ఇంట్లో నడుం పట్టుకుని కూలబడి, "ఏమండీ, కాసిని మంచినీళ్ళిస్తారా?" అన్నాడు.

భార్య పరుగున వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. "జ్వరం లేదే!" అంది. ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి నీళ్ళు అందిస్తూ, "అయితే మొదలైందన్నమాట పీరియడ్," అంది.