పూజలో ఉన్న సర్వర్‌లో నమోదైన బగ్

దెయ్యాలనీ గాలి సోకిందనీ ఎవరైనా అంటే నేను నవ్వేసేవాణ్ణి. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. కానీ ఆ అపనమ్మకాన్ని అడ్డం పెట్టుకుని ఒక మనిషి మీద నింద పడనిచ్చాను. అది సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పటమటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఆసుపత్రి ల్యాబు కోసం ప్రోగ్రాం తయారుచేస్తున్నాం. రాసేది నేను, అందులో తప్పులు పట్టేది నసీమా. కొండపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేది. దొరికిన తప్పును, అంటే బగ్‌ను, నల్ల తెర మీద కమాండ్ కొట్టి సర్వర్‌లో నమోదు చేయాలి. ఏదైనా మాట ఇచ్చి వెతికితే, దాని గురించి ఎవరు ఏం రాశారో వచ్చేస్తుంది.

దసరా ముందు ఒక తప్పు నాకే కనబడింది. ఒకే పేరున్న రోగులు ఇద్దరొస్తే, ఒకరి రక్తపరీక్ష ఫలితం ఇంకొకరి కాగితం మీద పడుతోంది. పండగ కాగానే ప్రోగ్రాం అప్పగించాలి. తర్వాత చూద్దాంలే అని ఎవరికీ చెప్పలేదు.

ఆయుధపూజ నాడు సర్వర్ ఆపేముందు ‘రోగి పేరు’ అన్న మాట ఇచ్చి వెతికాను. ఎవరూ ఏమీ రాయలేదు. ఊపిరి పీల్చుకుని ప్లగ్గు నేనే పీకేశాను. మా యజమాని ప్రసాద్ గారు సర్వర్‌కు బొట్లు పెట్టి బంతిపూల దండ వేశారు. దసరా వెళ్లేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఆయన పట్టింపు. ఆఫీసుకు తాళం వేసి, ఉన్న ఒక్క తాళంచెవీ జేబులో వేసుకుని మైలవరంలో అత్తగారింటికి వెళ్లాను.

దసరా మర్నాడు అందరికంటే ముందు నేనే తలుపు తీశాను. ప్లగ్గు పీకేసే ఉంది. దండ వాడిపోయింది, కదల్లేదు. సర్వర్ ఆన్ చేసి, మనసాగక మళ్లీ అదే వెతికాను. ఒక బగ్ వచ్చింది. నేను దాచిన తప్పే. తారీఖు దసరా రోజుది. రాసినవారి పేరు నసీమా.

కొత్త బగ్‌లు వాటంతటవే ప్రసాద్ గారికి మెయిల్‌లో వెళ్లేవి. ఆయన నసీమాను పిలిచి, దొంగతాళం చేయించావా అని అడిగారు.

“నేను రాయలేదండీ. ముందే దొరికుంటే పండగ కూడా చేసుకోనివ్వకుండా మూర్తిగారి ప్రాణం తీసేదాన్ని,” అంది. ఎవరూ నవ్వలేదు. నా వైపు తిరిగింది. “తాళంచెవి మీ దగ్గరేగా మూర్తిగారూ. మీరు చెప్పండి.”

చెవి నా దగ్గరే ఉందంటే, మరి రాసింది నువ్వేనా, నీకు ముందే తెలుసా అని అడుగుతారు.

“ఏమోనండీ,” అన్నాను.

ఆమెను ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. తప్పు త్వరగా సరిచేసినందుకు నన్ను మెచ్చుకున్నారు.

సర్వర్ గడియారం చూశాను, సరిగ్గానే నడుస్తోంది. బయటి నుంచి ఎవరైనా ఫోన్ లైన్ మీద వచ్చారా అంటే, కరెంటే లేని మెషీన్లోకి ఎలా వస్తారు? నేనే రాసి మర్చిపోయానేమో అని కూడా ఆలోచించాను. తాళంచెవితో పాటు నేను మైలవరంలో ఉన్నాను.

పాతవాళ్లు కలిస్తే ఇప్పటికీ నసీమా దొంగతాళం కథ చెప్పుకుని నవ్వుతారు. నేనూ వాళ్లతో పాటు నవ్విన రోజులున్నాయి.

ఆ బగ్ ఎవరు రాశారో నాకు ఈనాటికీ తెలియదు. ఆమె రాయలేదని మాత్రం ఆ రోజే తెలుసు.