నొప్పి లేని అక్కుపల్లి

తెల్లవారకముందే విశాఖలో పాసింజరెక్కాను. పళ్ళ డాక్టర్ని. కాలేజీ కంప్యూటర్లో కొన్నాళ్ళుగా ఓ ఉత్తుత్తి జిల్లా కట్టాను. అందులో ఊళ్ళున్నాయి, బస్సులున్నాయి, పన్ను నొప్పి పుట్టగానే ఆసుపత్రికి బయలుదేరే మనుషులున్నారు. వారానికోరోజు డాక్టరు ఎక్కడ కూర్చుంటే ఎక్కువమందికి అందుతాడో ఆ కంప్యూటరు చెప్పాలి. ఎన్నిసార్లు నడిపినా టెక్కలి అంటోంది. అక్కుపల్లి నుంచి మాత్రం ఒక్కరూ కదలరు. మా కాలేజీవాళ్ళు ఊరంతా అడిగొచ్చారు, అక్కడ పన్ను నొప్పి అన్నవాళ్ళే లేరట. నాకది నమ్మబుద్ధి కాలేదు. నాకసలే కుదురు తక్కువ.

ఎదుటి సీట్లో కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారి. నా పని విని, "కంప్యూటరు సెప్తే పళ్ళు నొప్పెడతాయేటి డాక్టరు గారూ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, పలాస వచ్చేదాకా సీటుకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

పదిగంటలకి దిగాను. కాశీబుగ్గలో ఇడ్లీ తిని, బస్సు కోసం ఆగే ఓపిక లేక సర్వీసు ఆటో ఎక్కాను. దారంతా జీడితోటలు, కొబ్బరితోటలు, ఆపైన ఇసుక. వెళ్ళేవాళ్ళు తిరుగు ఆటో ఎప్పుడో ముందే అడిగి ఉంచుకోవడం మంచిది.

అక్కుపల్లి సముద్రపొడ్డున పోలమ్మ అనే పెద్దావిడ చేపలు ఎండబెడుతూ చుట్ట కాలుస్తోంది. నిప్పున్న కొస నోట్లో ఉంది. ఇక్కడ దాన్ని అడ్డపొగ అంటారు. పక్కనున్న ఆడవాళ్ళందరిదీ అదే పద్ధతి.

"పన్ను నొప్పి ఉందా అమ్మా?"

"అడ్డపొగ కాల్సేదానికి పన్ను నొప్పేటి బాబూ! అదే మందు."

నోరు తెరిపించి టార్చి వేశాను. అంగిలంతా తెల్లబారి ఉంది, మధ్యలో ఎర్రటి పుండు. వేలితో నొక్కినా ఆమె ఉలకలేదు. క్యాన్సరు కావచ్చు, కాకపోవచ్చు, విశాఖలో ముక్క తీసి పరీక్ష చేస్తే గాని తెలియదు. కోడల్ని పక్కకి పిలిచి ఆ మాటే చెప్పాను.

"నొప్పి లేందానికి ఆసుపత్రేటే?" అని పోలమ్మ కోడలి మీద విరుచుకుపడింది. కోడలు గట్టిది.

"నువ్వూరుకో అత్తా. నాను తోడొత్తన్నాను గదా, నడు," అని ఆమె చేతిలోని చుట్ట లాగి ఇసకలో పారేసింది.

సాయంత్రం ముగ్గురం పలాసలో రైలెక్కాం. టెక్కలికి దగ్గరి స్టేషను నౌపడలో ఆ ఊరివాళ్ళు దిగారు. ఒకాయన చెంపకి తువ్వాలు కట్టుకుని మూలుగుతూ దిగాడు. వాళ్ళకీ డాక్టరు కావాలి, కాదనను.

పోలమ్మ కిటికీ పక్కన కూర్చుని హాయిగా టీ తాగుతోంది. "మా ఊరి ఆడోల్లందరి నోర్లూ ఇలాగే ఉంటాయి. అందర్నీ రైలెక్కిత్తావేటి బాబూ?" అంది ఎగతాళిగా.

లేచి తలుపు దగ్గరికి పోయాను. పలాస చుట్టూ ఉన్న ఈ ఉద్దానం చల్లటి చోటు. మనుషులు అడక్కుండానే మంచినీళ్ళిస్తారు. అక్కణ్ణుంచి ఒక్కామెను తీసుకెళ్తున్నాను. మిగతావాళ్ళెవరికీ నొప్పి లేదు.