పొగ పరీక్షలో మామ ఆటో

పావగడలో బండ్ల పొగ పరీక్ష చేసే షాపులో నేను పనికి కుదిరాక, మా ఊరు రాయచెర్లు నుంచి రోజూ మా మేనమామ ఆటోలోనే వచ్చేదాన్ని. ఒకరోజు దారిలో ఆయన, ఆటో పొగ సర్టిఫికెట్ గడువు అయిపోయిందనీ, మిషన్ దగ్గర మేనకోడలే ఉండగా తనకేం భయమనీ పక్కన కూర్చున్నవాళ్లతో అన్నాడు. ఆ మాట నాకు రుచించలేదు.

షాపు దగ్గర ఇంజను ఆపకుండా ఉంచమని, సైలెన్సరులోకి గొట్టం దూర్చాను. స్క్రీను మీద ముందు చిన్న అంకె పడింది. మామ వంగి దానిమీద వేలు పెట్టాడు.

"పాస్ అయినాది చూడు. ఇదే ప్రింటు కొట్టు."

అది పొగ లెక్క కాదని చెప్పాను. పొగ మిషన్ లోపలికి చేరేదాకా కనిపించేది గొట్టంలో మిగిలిన గాలి లెక్క. సాఫ్ట్‌వేర్ ఆ అంకెల్ని వదిలేస్తుంది. తర్వాత వచ్చేవి కూడా క్షణానికొక తీరుగా ఎగిరిపడతాయి కాబట్టి, కొన్ని సెకన్లవి కలిపి సరాసరి కడుతుంది. నేను చెబుతుండగానే అంకె మెల్లగా పైకి పాకి హద్దు దాటింది. ఫెయిల్.

మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. మధ్యలో ఒకసారి అంకె బాగా కిందికి పడినా సరాసరి పెద్దగా కదల్లేదు.

"తక్కువ వస్తే వదిలేస్తాది, ఎక్కువ వస్తే పట్టుకుంటాది. ఎవరు నేర్పినారు దీనికి ఈ బుద్ధి?"

"ఎక్కువ వచ్చినా అంతే మామా. ఒక్క క్షణాన్ని అది నమ్మదు."

"మన భూములు కౌలుకు తీసుకున్న సోలార్ పార్కు వాళ్లూ ఇట్లే చేసినారు. బావి కింద చేనుకూ రాళ్ల దిన్నెకూ కలిపి ఒకే రేటు కట్టినారు. నాది బావి చేను. ఇప్పుడు నువ్వూ సరాసరి అంటాండావు."

వెనుక బండ్లవాళ్లు వింటున్నారు, ఓనరు నన్నే చూస్తున్నాడు. నెలల తరబడి దిగమింగుకున్న మాట బయటికి వచ్చేసింది.

"చేను సంగతి వేరే. నీ ఆటో పొగ కక్కుతాది. దారి పొడుగునా పీల్చేది మేము."

వెనుక ఎవరో నవ్వారు. మామ ముఖం నల్లబడింది. గొట్టాన్ని తనే లాగి నా కాళ్ల దగ్గర విసిరాడు.

"రేపట్నుంచి నా బండి ఎక్కొద్దు."

ఆ వారంలోనే ఇంజను బాగుచేయించి, మధుగిరి పోయి అక్కడ పరీక్ష చేయించుకున్నాడని తెలిసింది. రిపేరుకు ఒప్పుకున్నవాడు నా దగ్గరికి మాత్రం రాలేదు. సర్దిచెప్పడానికి అమ్మ వెళితే, గడప దాటి లోపలికి రమ్మనకుండానే, నీ కూతురు నలుగురి ముందర నా పరువు తీసిందని చెప్పి పంపించేశాడట. తమ్ముడి ఇంటి నుంచి అలా తిరిగి రావడం అమ్మకు అదే మొదలు. ఆ కోపం నామీద చూపించింది.

ఇప్పుడు సోలార్ పనికి పోయేవాళ్ల బైకు దొరికితే సరే, లేకపోతే బస్సుకు నిలబడతాను. మామ ఆటో నా ముందు నుంచే పోతుంది. పోయి క్షమించమని అడగమని అమ్మ ఇంకా పోరుతూనే ఉంది. నేను వెళ్లలేదు.