పిడి దాకా దిగిన చువ్వ

మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. కానీ ఆ రాత్రి అక్కడ ఉన్నది నేనే... ఇందులో ఒక్క మాటా కల్పించలేదు.

పాతిపెట్టిన శవాలను వెతకడంలో పోలీసులకు సాయం చేయడం నా పని. ఆ వేసవిలో బత్తలపల్లె దగ్గర ఒక బీడుచేలో వెతుకుతున్నాం. కూలికి పోయిన ఏసోబు అనే కుర్రవాడు నాలుగేళ్లుగా కనిపించడం లేదు. చంపి అక్కడ పాతారని ఎవరో చెప్పారు. చేను మొత్తం తాళ్లు కట్టి వరుసలుగా విడదీశాం. అడుగడుక్కీ ఇనప చువ్వ గుచ్చి చూశాం. ఒకసారి తవ్వి పూడ్చిన నేల మళ్లీ మునుపటిలా గట్టిపడదు. అక్కడ చువ్వ సులువుగా దిగుతుంది. సాయంత్రానికి సగం చేను అయింది. ఎక్కడా దిగలేదు.

ఏసోబు తల్లి మరియమ్మ ఇంటికి పోనంది.

"నా బిడ్డ ఈడ ఉంటే నేనెట్ల పోయేది సార్?"

తాళ్లు చెదరకుండా కాపలా ఉండాలి కాబట్టి నేనూ అక్కడే పడుకున్నాను. చువ్వలన్నీ జీపులో పెట్టి తాళం వేశాను. నా చేత్తోనే వేశాను.

నడిరేయి దాటాక మెలకువ వచ్చింది. చప్పుడు... కర్... ఆగింది. మళ్లీ కర్... గులకరాళ్లను ఒరుసుకుంటూ ఇనుము నేలలోకి దిగే చప్పుడు. రోజంతా విన్నదే. మరియమ్మ అల్లంత దూరంలో కొంగు కప్పుకుని నిద్రపోతోంది.

టార్చి పట్టుకుని వెళ్లాను. మేమింకా వెతకని వరుసలో... ఒక చువ్వ. పిడి దాకా దిగి ఉంది. చుట్టూ దుమ్ములో ఒక్క అడుగుజాడ లేదు. పిడి పట్టుకున్నాను... వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో వదిలినట్టు.

జీపు తాళం వేసినట్టే ఉంది. లోపల ఒక చువ్వ తక్కువ.

తెల్లారి అక్కడే తవ్వించాను. మూడడుగుల లోతులో ఎముకలు. మరియమ్మ గట్టు మీద కూర్చుని చూస్తోంది. కటి ఎముక బయటపడగానే నాకు తెలిసిపోయింది. మగవాడిది కాదు. ఎవరో ఆడపిల్ల.

గట్టు దగ్గరికి వెళ్లాను. ఏసోబు కాదు, ఎవరో ఆడపిల్ల అని మరియమ్మకు చెప్పాను.

"ఆయమ్మికి అమ్మ ఉండాదా సార్?"

"తెలీదమ్మా."

"అట్లయితే నేను కూచుంటా."

ఎముకలన్నీ పెట్టెలోకి ఎక్కేదాకా అక్కడినుంచి లేవలేదు.

మిగిలిన చేనంతా వెతికాం. ఏసోబు దొరకలేదు. ఆ పిల్ల ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి నిద్రలో నేనే లేచి చువ్వ దించానేమో... అదీ తెలియదు.

మరియమ్మ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ముందు ఆ పిల్ల గురించి అడుగుతుంది, తర్వాత కొడుకు గురించి. చువ్వ సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. చెబితే... "ఆయమ్మి చూపిచ్చుకునింది గదా, నా కొడుకెందుకు చూపిచ్చుకోలేదు సార్" అంటుంది.